గుప్తదానం పేరుతో అమ్మిన సరుకు: ఎన్నికల బాండ్లపై ఒక సమీక్ష

బజారులోంచి వెనక్కి తీసేసిన సరుకు మీద సమీక్ష రాయడం ఆలస్యమైన పనిలాగే కనిపిస్తుంది. కానీ ఎన్నికల బాండు అమ్మకంలో ఉన్నంతకాలం దాని గురించి రాయగలిగినవాళ్ళే లేరు. కొన్నవాళ్ళు కొన్నామని చెప్పుకోలేదు, అమ్మిన బ్యాంకు గోప్యత అంది, అందుకున్న పార్టీల్లో చాలావరకు ఎవరిచ్చారో తమకు తెలియదన్నాయి. జనతాదళ్ యునైటెడ్ పార్టీ ఎన్నికల సంఘానికి ఇచ్చిన వివరణలో, 2019 ఏప్రిల్‌లో పాట్నాలోని తమ కార్యాలయానికి ఎవరో వచ్చి ఒక కవరు ఇచ్చి వెళ్ళారనీ, విప్పి చూస్తే అందులో కోటి రూపాయల బాండ్లు పది ఉన్నాయనీ రాసింది. పది కోట్లు తెచ్చి ఇచ్చిన మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పేరడిగిన వారు ఆ కార్యాలయంలో ఒక్కరూ లేకపోయారన్నమాట. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశాల మీద కాగితాలన్నీ బయటికి వచ్చాయి కాబట్టి, ఇప్పుడైనా ఈ సరుకును దాని పెట్టె మీద అచ్చువేసిన మాటలతో పోల్చి చూడటం సాధ్యమవుతుంది.

ముందు సరుకేమిటో చెప్పుకోవాలి. కేంద్ర ఆర్థిక శాఖ 2018 జనవరి 2న ప్రకటించిన పథకం ప్రకారం ఎన్నికల బాండు అంటే పార్టీలకు విరాళంగా ఇవ్వడానికి కొనే, ప్రామిసరీ నోటు స్వభావం గల, వడ్డీ లేని బేరరు పత్రం, అంటే ఎవరి చేతిలో ఉంటే వారిదే. వెయ్యి, పది వేలు, లక్ష, పది లక్షలు, కోటి రూపాయలు అనే ఐదు ముఖవిలువల్లో దొరికేది. భారత పౌరులెవరైనా, దేశంలో నమోదైన సంస్థ ఏదైనా కేవైసీ వివరాలిచ్చి, బ్యాంకు ఖాతా ద్వారా డబ్బు చెల్లించి కొనవచ్చు. నగదు పనికిరాదు. అమ్మేది భారతీయ స్టేట్ బ్యాంకు ఒక్కటే. మొదటి విడతలో నాలుగు మహానగరాల ప్రధాన శాఖల్లోనే అమ్మినా, తర్వాత ఆ సంఖ్య 29 శాఖలకు పెరిగింది. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో పదేసి రోజులు మాత్రమే కౌంటరు తెరుస్తారు. లోక్‌సభ ఎన్నికలున్న ఏడాదిలో అదనంగా 30 రోజులు ఇస్తారు, శాసనసభ ఎన్నికలున్న ఏడాదిలో మరో 15 రోజులు అదనంగా ఉంటాయని 2022 నవంబరులో ఇంకో వెసులుబాటు కలిపారు. గత లోక్‌సభ లేదా శాసనసభ ఎన్నికల్లో కనీసం 1 శాతం ఓట్లు తెచ్చుకున్న నమోదిత పార్టీ దాన్ని 15 రోజుల్లోగా తన ఖాతాలో జమ చేసుకోవాలి. చేసుకోకపోతే ఆ డబ్బు ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి పోతుంది. కొనేవారి నుంచి కమిషను వసూలు చేయరు, పైగా ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటుంది. ముద్రణ ఖర్చు, బ్యాంకు కమిషను ప్రభుత్వమే, అంటే ఆ బాండును ఎన్నడూ కంటితో చూడని పన్ను చెల్లింపుదారులే, భరించారు.

ప్రామిసరీ నోటు అనగానే మనకు ప్రోనోటు గుర్తుకొస్తుంది. అప్పిచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు, తేదీ, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం, పక్కన సాక్షులు, ఇవన్నీ ఉంటే తప్ప ఊళ్ళో ఎవరూ పది వేలు కూడా చేతికివ్వరు. ఎన్నికల బాండు మీద ఇచ్చినవారి పేరు లేదు, తీసుకున్నవారి పేరు లేదు. పేర్లు రాయకపోవడమే దీని గొప్ప లక్షణమని, దాత గోప్యతే దీని ప్రాణమని ప్రభుత్వం చెప్పింది. అయితే పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసిన మాట మాత్రం పారదర్శకత. ఒకే సరుకును గోప్యంగానూ పారదర్శకంగానూ ఉంటుందని ఎలా అమ్మగలిగారో తెలియాలంటే, అది ఏ జబ్బుకు మందుగా బజారుకు వచ్చిందో చూడాలి.

జబ్బు నిజమైనదే, పాతదే. రాజాజీ ప్రేరణతో, ఆచార్య ఎన్.జి. రంగా అధ్యక్షుడుగా 1959లో మొదలైన స్వతంత్ర పార్టీ లైసెన్సు, పర్మిట్ల పాలనను ఎదిరిస్తూ వ్యాపార వర్గాల నుంచి బహిరంగంగా విరాళాలు తీసుకుంది. 1967 ఎన్నికల్లో లోక్‌సభకు 44 మందిని పంపింది. రెండేళ్ళకే, 1969లో, ఇందిరాగాంధీ ప్రభుత్వం కంపెనీలు పార్టీలకు విరాళాలివ్వడాన్ని నిషేధించింది. ప్రతిపక్షానికి వెళ్ళే డబ్బును ఆపడమే అసలు ఉద్దేశమన్న అభిప్రాయం అప్పటి నుంచీ ఉంది. ఉద్దేశం ఏదైనా, ఫలితం మాత్రం అందరికీ తెలిసినదే. పారిశ్రామికవేత్తకు లైసెన్సు కావాలి, పార్టీకి డబ్బు కావాలి, చెక్కు రాయడం మాత్రం నేరం. కాబట్టి డబ్బు సూట్‌కేసులోకి మారింది. నిషేధాన్ని 1985లో ఎత్తివేసి, గత మూడేళ్ళ సగటు లాభంలో 5 శాతం వరకు ఇవ్వవచ్చని సడలించారు. 2013 కంపెనీల చట్టం ఆ పరిమితిని 7.5 శాతం చేసింది. అయినా సూట్‌కేసు అలవాటైన చేతులు చెక్కు పుస్తకం వైపు అంత తేలిగ్గా తిరగలేదు.

మధ్యలో 1991 వచ్చింది. పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఆ ఏడాది జులైలో ప్రకటించిన పారిశ్రామిక విధానం 18 పరిశ్రమలకు తప్ప మిగతా వాటికి లైసెన్సు అవసరం లేకుండా చేసింది. లైసెన్సు పోతే లంచం కూడా పోతుందని అప్పట్లో ఆశపడినవాళ్ళు చాలామంది. ఆ ఆశ కొంతవరకు నిజమైంది కూడా. టెలిఫోను కనెక్షను కోసం, స్కూటరు కోసం, సిమెంటు బస్తాల పర్మిటు కోసం ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. కానీ ప్రభుత్వం చేతిలోని విచక్షణాధికారం పోలేదు, స్థలం మార్చుకుంది. ఫ్యాక్టరీ పెట్టడానికి అనుమతి అక్కర్లేకపోయినా, దానికి భూమి కావాలి, నీరు కావాలి, గని కావాలి, స్పెక్ట్రం కావాలి, పర్యావరణ అనుమతి కావాలి, ప్రభుత్వ బ్యాంకు అప్పు కావాలి. రోడ్లూ ప్రాజెక్టులూ కట్టే కంపెనీకైతే కొనుగోలుదారు కూడా ప్రభుత్వమే. సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో 122 టూజీ లైసెన్సులను, 2014 సెప్టెంబరులో 214 బొగ్గు గనుల కేటాయింపులను రద్దు చేయవలసి వచ్చిందంటే, సంస్కరణలు వచ్చాక కూడా పంచే చేయి ఎంత స్వేచ్ఛగా పంచిందో తెలుస్తుంది. లైసెన్సుల రోజుల్లో అడ్డు తొలగించడానికి ఇచ్చేవారు, సంస్కరణల తర్వాత వాటా దక్కించుకోవడానికి ఇస్తున్నారు. పైగా వాటాల విలువ ఎన్నో రెట్లు పెరిగింది. ఆర్థిక సంస్కరణ వ్యాపారాన్ని మార్చినంతగా పార్టీల జమాఖర్చు పుస్తకాన్ని మార్చలేదు. ఎన్నికల బాండును ఆ మిగిలిపోయిన సంస్కరణగా మన ముందుకు తెచ్చారు.

2017 ఫిబ్రవరి 1న బడ్జెటు ప్రసంగంలో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ఈ మాటే చెప్పారు. ఒకరి నుంచి పార్టీ తీసుకోగలిగే నగదు విరాళాన్ని 2,000 రూపాయలకు పరిమితం చేస్తూ, దానితోపాటే ఎన్నికల బాండ్లను ప్రకటించారు. ఆయన వాదనలో కొట్టిపారేయలేని అంశం ఒకటి ఉంది. ప్రతిపక్షానికి చెక్కు ఇచ్చిన వ్యాపారి మీద అధికారపక్షం కక్ష కడుతుంది, ఆ భయమే దాతను నగదు వైపు నెడుతుంది, పేరు బయటపడదన్న భరోసా ఇస్తే తెల్లడబ్బే ఇస్తాడు అన్నది ఆ వాదన. మన రాష్ట్రాల్లో ప్రభుత్వం మారిన మర్నాడు కాంట్రాక్టర్ల బిల్లులకు ఏమవుతుందో చూసినవాళ్ళెవరూ ఆ భయం కల్పితమని అనలేరు.

కానీ ఈ సరుకు తయారీకి వాడిన ముడిపదార్థాలు చూస్తే అనుమానం మొదలవుతుంది. దాతకు రక్షణ ఒక్కటే లక్ష్యమైతే మార్చవలసినవి ఇన్ని ఉండవు. 2017 ఆర్థిక చట్టం ద్వారా కంపెనీల చట్టంలోని 7.5 శాతం పరిమితిని పూర్తిగా తీసేశారు. అంటే రూపాయి లాభం లేని కంపెనీ, నష్టాల్లో మునిగిన కంపెనీ, నిన్న పుట్టిన కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వవచ్చు. ఏ పార్టీకి ఇచ్చారో లాభనష్టాల ఖాతాలో చూపాలన్న నిబంధన పోయింది. బాండ్ల ద్వారా వచ్చిన విరాళాల వివరాలు ఎన్నికల సంఘానికి చెప్పనక్కర్లేదని ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. దాతల చిట్టా ఉంచుకోనక్కర్లేదని ఆదాయపు పన్ను చట్టాన్ని సవరించారు. బాండ్లు జారీ చేసే అధికారం ఒక షెడ్యూల్డు బ్యాంకుకు ఇవ్వడానికి వీలుగా రిజర్వు బ్యాంకు చట్టాన్నీ సవరించారు. విదేశీ విరాళాల చట్టం నిర్వచనాన్ని 2016లోనే సడలించి ఉంచారు. ఈ మార్పులన్నీ ద్రవ్య బిల్లు రూపంలో వెళ్ళాయి కాబట్టి, అప్పట్లో అధికార కూటమికి మెజారిటీ లేని రాజ్యసభకు వాటిని సవరించే అవకాశమే లేకపోయింది. తలుపుకు తాళం మారుస్తామని చెప్పి గోడ కూడా తీసేసిన మేస్త్రీ పనితనం ఇది.

ఇక నాణ్యతా పరీక్షల సంగతి. సరుకు బజారులోకి రాకముందే రెండు సంస్థలు హెచ్చరించాయి. బడ్జెటుకు రెండు రోజుల ముందు, 2017 జనవరి 30న, రిజర్వు బ్యాంకు తన అభ్యంతరాలు రాసింది. బేరరు పత్రం చేతులు మారుతుంది, మొదట కొన్నవారి కేవైసీ మాత్రమే ఉంటుంది తప్ప పార్టీకి చేర్చినవారెవరో తెలియదు, నోట్ల మీద నమ్మకాన్ని ఇది దెబ్బతీస్తుంది, కావలసిన ప్రయోజనం చెక్కుతోనో డిమాండ్ డ్రాఫ్టుతోనో నెరవేరుతుంది అన్నది దాని సారాంశం. అంత సాదా సలహాకు సమాధానం దొరకడం కష్టమే. 2017 మే 26న ఎన్నికల సంఘం న్యాయశాఖకు రాస్తూ, బాండ్ల విరాళాలను నివేదికల నుంచి మినహాయించడం వెనకడుగు అని చెప్పింది. విరాళాలివ్వడం కోసమే డొల్ల కంపెనీలు పుట్టవచ్చని కూడా హెచ్చరించింది. 1991 తర్వాత దేశంలో నమ్మకం సంపాదించుకున్న వ్యవస్థల్లో ఈ రెండూ ముందు వరుసలో ఉంటాయి. రెంటి మాటా పక్కన పెట్టారు.

సరుకు ఎవరి కోసమన్నది ముఖవిలువలు చూసి తేల్చడం తప్పు. వెయ్యి రూపాయల బాండు చూస్తే సామాన్య కార్యకర్త తన అభిమాన పార్టీకి ఇచ్చే చిన్న విరాళం గుర్తొస్తుంది. కానీ మొత్తం విలువలో 90 శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లదే. వెయ్యి రూపాయల బాండు బట్టల కొట్టు అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మ లాంటిది: లోపల బేరం దాని ఒంటి మీది చీర గురించి జరగదు. అయినా ఈ సరుకు చరిత్రలో ముఖ్యమైన కొనుగోళ్ళలో ఒకటి వెయ్యి రూపాయల బాండ్లతోనే జరిగింది. 2018 ఏప్రిల్‌లో ఒక పాత్రికేయురాలు రెండు వెయ్యి రూపాయల బాండ్లు కొని ప్రయోగశాలలో పరీక్ష చేయించారు. అతినీలలోహిత కాంతి కింద పెట్టేసరికి, మామూలు కంటికి కనబడని అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక సంఖ్య ప్రతి బాండు మీదా బయటపడింది. అది దొంగ బాండ్లను పట్టుకోవడానికి పెట్టిన భద్రతా ఏర్పాటు మాత్రమేననీ, దానితో దాతనూ పార్టీనీ ముడిపెట్టే రికార్డు ఉండదనీ ప్రభుత్వం వివరణ ఇచ్చింది.

ఈ సరుకు అసలు లోపం ఇక్కడే ఉంది. గుప్తదానం అన్న మాటకు మన భాషలో ఒక గౌరవం ఉంది. హుండీలో చేయి పెట్టి గుప్పిట విప్పినవాడి పేరు పూజారికీ తెలియదు, వెనక నిలబడినవాడికీ తెలియదు. అందరికీ సమానంగా తెలియకపోవడమే గుప్తదానం. ఎన్నికల బాండులో ఆ సమానత్వం లేదు. కొన్నవారి కేవైసీ వివరాలు కేంద్ర ప్రభుత్వ యాజమాన్యంలోని బ్యాంకు దగ్గర ఉన్నాయి. దర్యాప్తు సంస్థ లేదా న్యాయస్థానం అడిగితే వాటిని ఇవ్వవచ్చని పథకంలోనే రాశారు. ఇచ్చినవారు తాము ఇచ్చామని పార్టీకి చెప్పుకోవడానికి అడ్డేమీ లేదు. చెప్పకుండా పదికోట్లు ఇచ్చే వ్యాపారి ఉంటాడని నమ్మడం కష్టం. చివరికి ఈ వ్యవహారంలో ఏమీ తెలియనివాడు ఓటరు ఒక్కడే. జైట్లీ చెప్పిన భయం నిజమైతే, ప్రతిపక్షానికి ఇచ్చే దాత ఆ భయం నుంచి బయటపడలేదు; అధికారంలో ఉన్నవారికి ఇచ్చే దాతకు మాత్రం పూర్తి నీడ దొరికింది. మన భాషలోనే ఇంకో మాట కూడా ఉంది, ముడుపు. కోరిక కోరుకుని పసుపు గుడ్డలో కట్టి, కోరిక తీరాక చెల్లించేది. ఆ మాట దేవుడి గదిలోంచి నడిచి వచ్చి పత్రికల మొదటి పేజీలో లంచానికి పర్యాయపదం ఎందుకయిందో వేరే చెప్పనక్కర్లేదు. పెట్టె మీద గుప్తదానమని రాసి ఉన్నప్పుడు లోపల ఉన్నది ముడుపు కాదని నిర్ధారించుకునే హక్కు ఎవరికి ఉండాలి అన్నదే సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళిన ప్రశ్న.

ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం (ఏడీఆర్), కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థలు, మార్క్సిస్టు పార్టీ తదితరులు వేసిన పిటిషన్లు తీర్పుకు రావడానికి ఆరేళ్ళు పట్టింది. మధ్యలో 2019 ఏప్రిల్ 12న, విరాళాల వివరాలను సీల్డు కవర్లలో ఎన్నికల సంఘానికి ఇవ్వాలని కోర్టు పార్టీలను ఆదేశించింది. 2021 మార్చిలో అమ్మకాలు ఆపడానికి నిరాకరించింది. అంటే ఒక లోక్‌సభ ఎన్నిక, ఎన్నో శాసనసభ ఎన్నికలు ఈ సరుకుతోనే గడిచిపోయాయి. చివరికి 2024 ఫిబ్రవరి 15న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ఐదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా పథకాన్ని కొట్టివేసింది. పార్టీలకు డబ్బెక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడం భావప్రకటన స్వేచ్ఛనిచ్చే 19(1)(ఏ) అధికరణం కింద ఓటరు హక్కు అని చెప్పింది. కంపెనీలు అపరిమితంగా విరాళాలివ్వడం సమానత్వ హక్కునిచ్చే 14వ అధికరణానికి విరుద్ధమని కూడా తేల్చింది. ఇదే కోర్టు 2002లో ఇచ్చిన తీర్పు వల్ల అభ్యర్థులు తమ ఆస్తులూ కేసులూ అఫిడవిట్‌లో ప్రకటించవలసి వస్తోంది. అభ్యర్థి భార్య మెడలో బంగారం ఎన్ని గ్రాములో చదవగలిగిన ఓటరు, అదే అభ్యర్థికి టికెట్టిచ్చిన పార్టీ ఖాతాలో కోట్లు వేసిందెవరో ఆరేళ్ళపాటు చదవలేకపోయాడు.

అమ్మకం తర్వాతి సేవ విషయంలో బ్యాంకుకు మంచి మార్కులు వేయడం సాధ్యం కాదు. మార్చి 6 లోగా వివరాలివ్వమంటే, గడువుకు రెండు రోజుల ముందు కోర్టుకు వెళ్ళి జూన్ 30 వరకు సమయం అడిగింది. అంటే లోక్‌సభ ఎన్నికలు ముగిసేవరకు. కొనుగోళ్ళ వివరాలు ఒకచోట, జమల వివరాలు ఇంకోచోట ఉన్నాయనీ, మొత్తం 44,434 నమోదులను సరిపోల్చాలనీ కారణం చెప్పింది. ఇన్ని రోజులూ ఏం చేశారని నిలదీసిన కోర్టు మార్చి 11న ఆ అభ్యర్థనను తోసిపుచ్చింది. మర్నాటికల్లా వివరాలు ఎన్నికల సంఘానికి చేరాయి. కానీ అందులో బాండ్ల మీది రహస్య సంఖ్యలు లేవు. మళ్ళీ ఆదేశం వెళ్ళాక మార్చి 21న, అతినీలలోహిత కాంతి కింద మాత్రమే కనిపించే ఆ సంఖ్యలతో సహా జాబితా వచ్చింది. బ్యాంకుకు నెలలు పడుతుందన్న జత కలిపే పని పాత్రికేయులు గంటల్లో మొదలుపెట్టి, కొద్దిరోజుల్లోనే ప్రజల ముందు పెట్టారు.

ప్రభుత్వం భద్రతా ఏర్పాటు మాత్రమేనన్న ఆ సంఖ్యే చివరికి ఈ సరుకులో పనికొచ్చిన ఒకే ఒక్క భాగమని నా అభిప్రాయం. ప్రకటనలో లేదు, ధరలో లేదు, అమ్మినవారు మొదట బయటపెట్టలేదు. అయినా అది ఉండబట్టే ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో తెలిసింది. నగదు సూట్‌కేసుల కాలంలో ఏ కోర్టు ఆదేశించినా ఇంత వివరం బయటికి వచ్చేది కాదు. 1990ల హవాలా కేసులో డైరీల్లో పొడి అక్షరాలుగా మిగిలిన పేర్లు న్యాయస్థానంలో సాక్ష్యంగా నిలవలేదు. డబ్బును బ్యాంకులోకి తెచ్చిన ఘనత బాండ్లకు ఇవ్వవలసిందే.

పెట్టె తెరిచాక కనిపించిన లెక్కలు ఇవి. 2019 ఏప్రిల్ 1 నుంచి పథకం రద్దయ్యేవరకు అమ్ముడైన బాండ్లు 22,217. వాటిలో ఏప్రిల్ 12 నుంచి అమ్మిన 18,871 బాండ్ల విలువ సుమారు 12,155 కోట్లు. 2018 నుంచి 30 విడతల్లోనూ కలిపి 16,518 కోట్లు. అందరికంటే ఎక్కువ కొన్నది లాటరీ వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్ సంస్థ, 1,368 కోట్లు. రెండో స్థానం హైదరాబాదు కేంద్రంగా ఉన్న మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. అందుకున్నవారిలో భారతీయ జనతా పార్టీకి సుమారు 6,060 కోట్లు, తృణమూల్ కాంగ్రెస్‌కు 1,609, కాంగ్రెస్‌కు 1,421, భారత రాష్ట్ర సమితికి 1,214 కోట్లు దక్కాయి. ఆ కాలంలో పార్టీలు జమ చేసుకున్న డబ్బులో 47 శాతం దాకా బీజేపీదే అయినా, లోక్‌సభలో సగానికి మించి స్థానాలున్న పార్టీకి అంత రావడం దానంతట అది నేరానికి రుజువు కాదు. నన్ను ఆపేసిన అంకె వేరే. 2019లో తొమ్మిది లోక్‌సభ స్థానాలు గెలిచిన ఒక్క రాష్ట్రపు పార్టీ, యాభై రెండు గెలిచిన జాతీయ ప్రతిపక్షానికి ఇంచుమించు సమానంగా తీసుకుంది. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 337 కోట్లు, తెలుగుదేశానికి 218 కోట్లు కూడా కలిపితే తెలుగు రాష్ట్రాల పార్టీలు మూడింటి వాటా సుమారు 1,770 కోట్లు. టెండర్లు పిలిచేది, భూములిచ్చేది, బిల్లులు విడుదల చేసేది ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వాలే అని గుర్తుచేసుకుంటే, డబ్బు సిద్ధాంతాల వెంట కాక సంతకం పెట్టే కలం వెంట నడిచినట్టు కనిపిస్తుంది. పదేళ్ళుగా ఒకరినొకరు అవినీతిపరులని తిట్టుకున్న పార్టీలు ఈ ఒక్క కౌంటరు దగ్గర మాత్రం ఒకే వరుసలో నిలబడ్డాయి. వరుసలోకి రాని కమ్యూనిస్టు పార్టీలను మినహాయించాలి.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. సోదాలు జరిగిన కంపెనీ తర్వాత బాండ్లు కొన్నదనో, బాండ్లు కొన్న కంపెనీకి తర్వాత ప్రాజెక్టు వచ్చిందనో తేదీలు పక్కపక్కన పెట్టి చూపిన కథనాలు చాలా వచ్చాయి. తేదీలు పక్కపక్కన ఉండటం అనుమానానికి కారణమవుతుంది, నేరానికి రుజువు కాదు. ప్రత్యేక దర్యాప్తు బృందం వేయాలన్న పిటిషన్లను 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టు తిరస్కరించింది. చట్టంలో ఉన్న మామూలు మార్గాలను ముందు వాడుకోవాలంది. పెట్టె తెరిచారు గాని, లోపల ఉన్నది కానుకో ముడుపో తేల్చే పని ఎవరికీ అప్పగించలేదు. సమీక్షకుడిగా నాకు ఇది సగంలో ఆగిన పరీక్షలాగే అనిపిస్తుంది.

ఇప్పుడు బజారులో ఉన్న ప్రత్యామ్నాయాలూ గొప్పగా ఏమీ లేవు. 2013 నుంచి ఉన్న ఎలక్టోరల్ ట్రస్టులు ఒక విధంగా బాండ్ల కంటే మేలు. కంపెనీల నుంచి వచ్చిన డబ్బులో 95 శాతం అదే ఏడాది పార్టీలకు ఇవ్వాలి, ఎవరిచ్చారో, ఏ పార్టీకి వెళ్ళిందో ఎన్నికల సంఘానికి చెప్పాలి. కానీ పది కంపెనీల డబ్బు ఒకే ట్రస్టులో కలిశాక, ఏ కంపెనీ డబ్బు ఏ పార్టీకి వెళ్ళిందో విడదీయడం కష్టం. బాండ్లు పోయాక ఈ ట్రస్టుల ద్వారా పార్టీలకు వెళ్ళే మొత్తాలు బాగా పెరిగాయి. రిజర్వు బ్యాంకు చెప్పిన చెక్కు ఎప్పుడూ ఉంది, దానికి కొత్తగా పథకం రాయనక్కర్లేదు. ఇక నగదు సంగతికి వస్తే, లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు పెద్ద రాష్ట్రాల్లో 95 లక్షల పరిమితి ఉంది గాని, పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. ఓటుకు నోటు పంచే చోట ఏ బాండూ, ఏ చెక్కూ పనికిరాదు. అక్కడ కావలసింది ఐదొందల నోట్ల కట్టలే. కాబట్టి బాండ్లు నగదుకు బదులుగా వచ్చాయన్న ప్రచారాన్ని నేను ఏనాడూ నమ్మలేదు. అవి నగదుకు తోడుగా వచ్చాయి. పార్టీ కార్యాలయాలు, విమానాలు, ప్రకటనలు బాండ్లతో, చివరి మూడు రాత్రులు నోట్లతో నడిచాయి.

2019 ఏప్రిల్ తర్వాత అమ్మిన బాండ్లలో పార్టీలు గడువులోగా జమ చేసుకోనివి 187. వాటి డబ్బు ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి వెళ్ళింది. 2024 ఫిబ్రవరి తీర్పుకు కొద్ది రోజుల ముందు కోటి రూపాయల ముఖవిలువ గల మరో పది వేల బాండ్ల ముద్రణకు ఆర్థిక శాఖ అనుమతి ఇచ్చిందనీ, తీర్పు వచ్చిన దాదాపు రెండు వారాలకు ముద్రణ ఆపమని చెప్పిందనీ సమాచార హక్కు చట్టం కింద బయటికి వచ్చిన పత్రాలు చెబుతున్నాయి. ఆ ఆర్డరు మొత్తం కోటి రూపాయల బాండ్లదే.